జూమ్ లేని లెన్స్‌తో కార్తీకం నుంచి ధనుర్మాసం దాకా

అక్టోబరు చివర్లో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక కొట్టులో వాడిన 50 మిల్లీమీటర్ల లెన్స్ కొన్నాను. 6,500 రూపాయలు. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి, దూరంగా కావాలంటే వెనక్కి. "మోకాళ్ల నొప్పులని నడక మానేశావు, నీకెందుకిది?" అన్నారు మావారు. రెండు నెలలు వాడిన తర్వాత ఇది రాస్తున్నాను.

మొదట్లో నిరాశే. కార్తీక పౌర్ణమి సాయంత్రం దుర్గా ఘాట్‌లో అంతమంది దీపాలు వదులుతుంటే, నా ఫ్రేములో పట్టింది ఒక చెయ్యి, సగం అరటి దొప్ప. నా కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, చిన్నది. దానికి తగిలిస్తే 50 లెన్స్ చూపు కాస్తా 75 లెన్స్ చూపంత ఇరుకైపోతుంది. ఈ సంగతి కొట్టాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. వెనక్కి జరుగుదామంటే మెట్ల నిండా జనం. తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

ఇంటికి వచ్చి చూసుకుంటే, ఆ రోజు తీసిన వాటిలో ఆ చెయ్యి ఫోటో ఒక్కటే నిలిచింది. దొప్ప ఇంకా వేళ్లను వదల్లేదు, వత్తి వెలుగు మట్టిగాజుల మీద పడింది, చుట్టూ చీకటి. లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దది. నా పాత జూమ్ లెన్స్ 50 దగ్గర ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఇది 1.8 దాకా వస్తుంది, అంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగు. పాత దానితో ఆ గాజులు మసకబారి ఉండేవి.

వానలు వెలిసిన కొత్తలో గాలి కడిగినట్టు ఉంటుంది. చూడటానికి హాయే గానీ, ఫ్రేము కూర్చడం నేర్చుకునేవాళ్లకు కష్టకాలం. ఏటి ఒడ్డున రెల్లు పూలు తీద్దామంటే వెనక కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, సెల్ టవరు, అన్నీ స్పష్టంగా వచ్చి కూర్చుంటాయి. జూమ్ ఉంటే తిప్పి తప్పించుకునేదాన్ని. ఇక్కడ చాప వేసుకుని నేల మీద కూర్చోవలసి వచ్చింది. రెండడుగులు కిందికి దిగేసరికి తీగలన్నీ ఫ్రేములోంచి జారిపోయి, రెల్లు వెనక ఆకాశం ఒక్కటే మిగిలింది. మోకాళ్ల గురించి మాత్రం అడక్కండి.

అసలు పండగ డిసెంబరులో వచ్చింది. మంచు దిగింది. పున్నమి ఘాట్ దగ్గర తూర్పుకు తిరిగి నిలబడితే, సూర్యుడు నవంబరు కంటే ఇంకా కుడికి, సీతానగరం వైపు జరిగి, ఆరున్నర ప్రాంతంలో లేస్తున్నాడు. 1957 నాటి ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. మంచులో ఆరో ఏడో కనబడి, మిగతావి పాలలో కలిసిపోతాయి. ఎదురుగా చేపల పడవ ఒక్కటే. ముగ్గు పెట్టేటప్పుడు తీగ ఎటు వెళ్లాలో చూసుకుని చుక్కలు వదులుతాం కదా, అలాగే పడవ వెళ్లే వైపు ఖాళీ నీళ్లు వదిలాను. పడవను నడిమధ్యలో పెట్టి తీసిన ముందు రోజు ఫోటోలో అది కదలకుండా మేకు కొట్టినట్టు ఉంది.

పడవాయన నన్ను చూసి, "ఏమీ కనబడని వేళ ఫోటోలేమిటమ్మా?" అని తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయాడు.

లోపాలు లేకపోలేదు. మంచులో ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ మూలుగుతూ తిరుగుతుంది. పడవ అంచు నల్లగా నీటికి ఆనే చోట పెడితే పట్టుకుంటుంది. ఎండకు ఎదురుగా తీస్తే ఫోటో వెలిసిన గుడ్డలా వస్తుంది. ఉండవల్లి గుహల్లో పవళించిన అనంతపద్మనాభస్వామి అయితే ఒక్క ఫ్రేములో పట్టనే పట్టడు, వెనక్కి వెళ్లడానికి గోడ అడ్డం. పాదాలు మాత్రం తీసుకుని వచ్చాను.

పెళ్లిళ్లు, ఇంట్లో పేరంటాలు తీసేవాళ్లు దీని జోలికి వెళ్లకండి. చలికాలం పొద్దున్నే ఒడ్డున తిరిగే ఓపిక ఉన్నవాళ్లకు ఈ ధర ఎక్కువేమీ కాదు. ఎండకు అడ్డు పెట్టే హుడ్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. నేనింకా ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునే నెట్టుకొస్తున్నాను.