నాలుగు చలికాలాల తర్వాత మా బేస్‌మెంట్ సాన మిషన్

మొదటి ఏడాది, ఐస్ స్కేట్ల బ్లేడ్లకు పదునుపెట్టే ఈ మిషన్ గురించి మా ఒట్టావా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెట్టాను. "స్కేట్ బిగించి బటన్ నొక్కండి, టీ మరిగేలోపు పదును రెడీ" అని. అది చూసి ఇద్దరు కొన్నారు కూడా. అందులో ఒక్క ముక్క మాత్రం తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. టీ మరిగేలోపు అవదు. టీ తాగి, గిన్నె కడిగి, ఇంకో పావుగంట ఆగాలి.

2021 అక్టోబరులో కొన్నాం. అప్పటికి మావాడు ఐస్ హాకీలో చేరి రెండేళ్లు. పదును పెట్టడానికి షాపులో జతకు పది డాలర్ల దాకా తీసుకునేవాళ్లు, పైన పన్ను. డబ్బు పోతే పోయింది, వెళ్లిన ప్రతిసారీ మిషన్ దగ్గర కొత్త కుర్రాడు ఉండేవాడు. ఒకడు పట్టిన పదును అద్భుతంగా ఉండేది, ఇంకొకడు బ్లేడు ముందూ వెనకా ఇనుము తినేసి ఇచ్చేవాడు. బ్లేడు అడుగున పొడవునా తవ్వే గాడి ఎంత పెట్టావని అడిగితే "మామూలుదే" అనేవాడు. మామూలంటే అరంగుళం వ్యాసార్ధం అని మనమే అనుకోవాలి.

ఇంటి మిషన్‌తో ఆ గొడవ లేదు. ఏ సాన చక్రం వేస్తే ఆ గాడి, ముందు నుంచి వెనకదాకా ఒకేలా. మావాడికి అరంగుళం చక్రం. ఇక నా సంగతి. వాడిని రింకుకు తీసుకెళ్లి చలిలో ఊరికే కూర్చోలేక 39వ ఏట నేర్చుకున్నవాడిని, బరువు 86 కిలోలు. అరంగుళం గాడితో నా బ్లేడ్లు మంచులో మేకుల్లా దిగిపోయేవి, అందుకని 5/8 అంగుళానికి మారాను. (అంకె పెరిగితే గాడి లోతు తగ్గుతుంది. మొదట్లో నేను తిరగేసి అర్థం చేసుకుని ఒక నెల అవస్థ పడ్డాను.) అంటే ఇంట్లో రెండు చక్రాలు. కొంప ముంచింది ఆ రెండు చక్రాలే.

చక్రం మార్చినప్పుడల్లా అది బ్లేడు మధ్యకు వచ్చిందో లేదో చూసుకోమని మాన్యువల్‌లో రాసే ఉంది. నాలుగైదు సార్లు చూశాను, సరిగ్గానే ఉండేది. తర్వాత చూడటం మానేశాను. 2024 జనవరిలో ఒక రాత్రి నా స్కేట్స్ అయ్యాక 5/8 తీసి, వాడి చక్రం వేసి, వాడివి పట్టేశాను. చక్రం వెనక ఇనప రజను చిక్కుకుందో, నేనే సరిగ్గా కూర్చోబెట్టలేదో తెలియదు. బొటనవేలి గోరు మీద రెండు అంచులూ గీసి చూస్తే గోరు పొట్టు రాలింది. చిన్నప్పుడు తెనాలిలో సైకిల్‌కు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తిపీటలు సానపట్టే ఆయన కూడా ఇలాగే చూసేవాడు. కానీ కత్తిపీటకు ఉండేది ఒకటే అంచు. స్కేటుకు గాడికి అటూ ఇటూ రెండు. రెండూ పదునుగా ఉండి కూడా ఒకటి ఎత్తుగా, ఇంకొకటి పల్లంగా ఉండొచ్చు. ఆ తేడా గోరుకు తెలియదు.

"నాన్నా, కుడివైపు తిరిగితే కాళ్లు జారిపోతున్నాయి" అన్నాడు వాడు. ఎడమవైపు బాగానే తిరుగుతున్నాడు. రాత్రి పదింటిదాకా ఐప్యాడ్ చూస్తే కాళ్లు ఎక్కడ నిలుస్తాయి అన్నాను. కుడివైపు క్రాసోవర్లు (మలుపులో ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేయడం) బలహీనంగా ఉన్నాయని కోచ్ కూడా చెప్పేసరికి నా మాటకు బలం వచ్చినట్టయింది. ఒక శనివారం పేటలోని బయటి రింకుకు తీసుకెళ్లి, మైనస్ పదిహేనులో, కుడివైపే ఇరవై చుట్లు కొట్టించాను. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. నేను రింకు చుట్టూ ఉండే బోర్డుకు ఆనుకుని "మోకాళ్లు వంచరా" అని అరుస్తున్నాను. పదేళ్లవాడు. ఆ శనివారం గుర్తొస్తే ఇప్పటికీ వాడి ముందు నాకు మొహం చెల్లదు.

మూడు వారాలు ఇలాగే గడిచాయి. చివరికి వాళ్ల టీమ్‌లో ఇంకో పిల్లాడి తాతగారు, ఏళ్ల తరబడి జట్టు సామాన్లు చూసిన మనిషి, వాడి స్కేటు ఒకటి అడిగి తీసుకున్నారు. తిరగేసి, బ్లేడు మీద 25 సెంట్ల నాణేన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఒక కన్ను మూసి చూశారు. నాణెం ఒక పక్కకు వాలి ఉంది. రెండో స్కేటు మీదా అటే వాలింది. మిషన్‌లో రెండు స్కేట్లనూ ఒకే దిక్కుకు పెట్టి బిగిస్తాం కదా, చక్రం పక్కకు జరిగితే తప్పు రెండింటికీ ఒకే వైపు పడుతుంది. రెండు బ్లేడ్లకూ ఎడమ అంచు ఎత్తు, కుడి అంచు పల్లం. ఎడమకు ఒరిగితే మంచును పట్టుకుంటుంది. కుడికి ఒరిగితే పట్టుకోవడానికి ఏమీ లేదు. తేడా అంతా కలిపి ఒక తల వెంట్రుక మందం ఉంటుందేమో.

షాపు కుర్రాడు ఇవాళ ఒకలా తప్పు చేస్తే రేపు ఇంకోలా చేస్తాడు, మధ్యలో ఒకరోజు సరిగ్గా కూడా పడుతుంది. ఈ మిషన్ మూడు వారాల్లో ఐదు సార్లు పట్టింది, ఐదు సార్లూ అచ్చం అదే వాలు. ఎప్పుడూ ఒకేలా పట్టడమనే ఏ గుణం చూసి పోస్టు పెట్టానో ఆ గుణమే. ఆ వాలు పోగొట్టడానికి మళ్లీ ఎన్నో పాస్‌లు (చక్రం బ్లేడు మీదుగా ఒకసారి పోతే ఒక పాస్) వేయాల్సి వచ్చింది, ఆ మేరకు బ్లేడు అరిగింది. ఇప్పుడు చక్రం మారిస్తే ముందు బ్లేడు అడుగున మార్కర్‌తో నల్లగా పూస్తాను. ఒక్క పాస్ తేలిగ్గా తోలి, రంగు ఎక్కడ పోయిందో చూసి, చక్రం మధ్యకు వచ్చేలా పక్కనున్న మర సర్దుతాను. చివర్లో నాణెం పరీక్ష. ఆ పావుగంట దీనికే.

చక్రాలు బాగా మన్నుతున్నాయని కూడా ఒకసారి రాసినట్టున్నాను. అది 2022-23 చలికాలం. ఆ ఏడాది వేడికి, మా ఊళ్లో చలికాలం గడ్డకట్టే రిడో కాలువ స్కేటింగ్‌కు అసలు తెరవనేలేదు, మేము లోపలి రింకులోనే ఆడాం. కాలువ తెరిచిన ఏడాది కథ వేరు. 7.8 కిలోమీటర్ల బయటి మంచు, పగుళ్లు, అక్కడక్కడా ఇసుక. ఒక ఆదివారం వెళ్లొస్తే మామూలుగా వేసే రెండు పాస్‌లు ఏమూలకూ చాలవు. ఇంకోటి, రజను వాసన వస్తుంది, బట్టలు ఆరేసే చోట పెట్టొద్దు. ఇది మా ఆవిడ రాయమన్నది.

ప్రొఫైల్ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. ప్రొఫైల్ అంటే బ్లేడు పొడవునా ఉండే వంపు. దాన్ని ఈ మిషన్ మార్చదు, ఉన్నదాని వెంటే పోతుంది. అందుకే ఒక స్పెషలిస్టు దగ్గర నా బ్లేడ్లకు నాలుగు వ్యాసార్ధాలు కలిపిన ప్రొఫైల్ చేయించి తెచ్చుకున్నాను. ముందు భాగం గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ చదునుగా ఉంటుంది. మొదటి వారం బరువు ఎక్కడ వేయాలో తెలియక రెండు సార్లు వెల్లకిలా పడ్డాను. మూడో వారానికి మలుపులు తిరగడం ఇంత తేలికా అనిపించింది. రెండు సీజన్ల తర్వాత అదే షాపులో కొలిపిస్తే వంపు పెద్దగా చెడలేదన్నారు, ఆ క్రెడిట్ మాత్రం మిషన్‌దే. అయితే ప్రొఫైల్ చేయించిన ఏడాదే నేను వారానికి రెండు రోజులు ఆడటం మొదలుపెట్టాను, కాబట్టి మెరుగుపడింది బ్లేడో నేనో గట్టిగా చెప్పలేను. ప్రొఫైల్ చేస్తే ఒక్కసారే చాలా ఇనుము పోతుందని కూడా గుర్తుంచుకోండి. కాలు ఇంకా పెరుగుతున్న పిల్లలకు నేనైతే చేయించను. మావాడికి చేయించలేదు.

కొనాలా అంటే, ఇంట్లో ఇద్దరం ఆడతాం, మంచి షాపు మాకు అరగంట దూరం, ఆటలు పొద్దున్న ఆరింటికి. మాకు పనికొచ్చింది. చక్రాల ఖర్చు కలిపితే డబ్బు ఇంకా గిట్టలేదు. ఇంట్లో ఒక్కరే ఆడుతూ, ఒక్క చక్రంతో గడిచేటట్టయితే నాకొచ్చిన తంటా మీకు రాకపోవచ్చు. నెలకోసారి సరదాగా వెళ్లేవాళ్లకు షాపే మేలు, ఒక నాణెం జేబులో వేసుకుని వెళ్లండి.

మావాడు ఇప్పుడు యూ13లో (పదమూడేళ్లలోపు పిల్లల విభాగం) ఆడుతున్నాడు. నేను సానపట్టి ఇచ్చిన స్కేట్స్‌ను డ్రెస్సింగ్ రూమ్‌లో తిరగేసి, వాడి బ్యాగులో ఉండే 25 సెంట్ల నాణెం పెట్టి చూసుకుని మరీ తొడుక్కుంటాడు. నేను అక్కడే ఉన్నా సరే.