స్లీప్ స్టడీకి ముందు బయట భోజనం: రెస్టారెంట్‌కి మూడు స్టార్లు, సూప్‌కి సున్నా

స్లీప్ స్టడీకి, అంటే ఒంటికి వైర్లు తగిలించి రాత్రంతా నిద్రని రికార్డు చేసే పరీక్షకి, వెళ్లే సాయంత్రం ఎలాంటి చోట తినాలో చెప్పే రివ్యూ ఒక్కటీ దొరకలేదు నాకు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఆయనకి గురక. మామూలు గురకైతే నేను ఎప్పుడో అలవాటు పడిపోయేదాన్ని, ఈయనది మధ్యలో ఆగిపోయే రకం. ఆగినప్పుడల్లా నేను చీకట్లో లెక్కపెట్టుకుంటూ పడుకుంటాను, పదిహేను, ఇరవై, ఇరవై రెండు... అప్పుడు నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారిగా ఊపిరి లాగి మళ్లీ మొదలుపెడతారు. పొద్దున లేచి "నాకేం, హాయిగానే పడుకున్నాను, నీకే నిద్ర పట్టదు" అంటారు. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే గానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు.

ఆ పరీక్ష చేసే సెంటర్ వాళ్లు రాత్రి ఎనిమిదిన్నరకి రమ్మన్నారు, అదీ భోజనం ముగించుకుని రమ్మన్నారు. మాకు గంటన్నర ప్రయాణం, కాబట్టి బయట తినక తప్పలేదు. సెంటర్ ఎదురుగా, రోడ్డు దాటితే ఈ రెస్టారెంట్. పేరు రాయడం లేదు, తప్పు సగం వాళ్లది, సగం నాది.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను. ఆరుంపావుకి వెళ్లాం, ఇంకా కుర్చీలు సర్దుకుంటున్నారు, అయినా విసుక్కోకుండా మూల టేబుల్ ఇచ్చారు. పాటల సౌండ్ తగ్గించమంటే తగ్గించారు. కొత్త చోట నిద్ర సరిగ్గా పట్టదని మా ఆయన ఇంటి నుంచి సొంత దిండు తెచ్చుకున్నారు, సెంటర్ వాళ్లే తెచ్చుకోవచ్చన్నారు లెండి. దాన్ని నేల మీద పెట్టబుద్ధి కాక పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. సర్వర్ కుర్రాడు మూడు ప్లేట్లు తెచ్చి, దిండుని చూసి, మమ్మల్ని చూసి, ఒక్క మాట కూడా అడగకుండా ఒక ప్లేటు వెనక్కి పట్టుకెళ్లాడు. ఒక స్టార్ ఆ కుర్రాడిది.

ఇక మెనూ. ఆ రోజుకి మాకున్న నియమాలు ఇవీ: మధ్యాహ్నం నుంచి కాఫీ, టీ బంద్, ఆల్కహాల్ అసలే వద్దు, పగలు కునుకు తీయకూడదు, తలకి నూనె పెట్టకుండా షాంపూతో స్నానం చేసి రావాలి. కెఫీన్ ఒంట్లోంచి సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుందట, అంటే సాయంత్రం ఐదుకి తాగిన కాఫీ రాత్రి పదికి కూడా సగం లోపలే ఉంటుంది. ఆల్కహాల్ అయితే గొంతు కండరాల్ని ఇంకా వదులు చేసి గురకని పెంచుతుంది. ఇవన్నీ నేను చెబుతుంటే కుర్రాడు ఓపిగ్గా విని, చివర్లో "అయితే చాక్లెట్ కేక్ తెమ్మంటారా?" అన్నాడు. చాక్లెట్‌లోనూ కెఫీన్ ఉంటుంది నాయనా అన్నాను. పాపం, అప్పటి నుంచి మా టేబుల్ వైపు కాస్త భయంగానే వచ్చాడు. అదలా ఉంచితే మెనూలో సగం వేపుళ్లే, మిగతా సగం నూనె తేలే కూరలు. వెల్లకిలా పడుకోబెట్టి ఒళ్లంతా వైర్లు కట్టే రాత్రి ఛాతీలో మంట పుడితే ఎలా? అందుకని నేను తెలివిగా, అంటే తెలివనుకుని, ఆయనకి ఒక పెద్ద గిన్నెడు సూప్, కొంచెం ఉడికించిన కూరగాయలు చెప్పాను.

చెప్పిన యాభై నిమిషాలకి వచ్చింది భోజనం. మామూలు రోజైతే లేచి వెళ్లిపోయేదాన్ని. కానీ ఆ యాభై నిమిషాల్లోనే మా ఇద్దరి మధ్యా అసలు మాటలు జరిగాయి. సెంటర్ వాళ్లు ముందే పంపిన ఫారం ఒకటి బ్యాగులో ఉంది, ఎప్‌వర్త్ స్కేల్ అంటారు, ఎనిమిది ప్రశ్నలు. ఫలానా పనిలో ఉన్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని 0 నుంచి 3 దాకా వేసుకోవాలి, మొత్తం 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువున్నట్టు. ఆయన గబగబా నింపేసి నా వైపు తోశారు. మొత్తం ఆరు!

"టీవీ చూస్తుంటే ఒకటా? ఏవండీ, మీరు పోయినసారి ఏ సినిమాకి చివరి సీను చూశారు?"

కాసేపు ఆలోచించి ఒకటి కొట్టేసి మూడు వేశారు. అలా ఒక్కొక్కటీ. ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగినప్పుడు అనే ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. నా వైపు చూడకుండా, "పోయిన నెల ఒకసారి సిగ్నల్ దగ్గర... వెనకాల హారన్ కొడితే మెలకువ వచ్చింది, నీకు చెప్పలేదు" అన్నారు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఫారం మొత్తం 14కి చేరింది. ఇంట్లో అయితే ఇది బయటికి వచ్చేది కాదు, టీవీ ఉంది, ఫోన్లున్నాయి, నిద్ర వస్తోందని లేచిపోయేవారు. వంట ఆలస్యానికి ఒక స్టార్ తీసేద్దామనుకున్నదాన్ని అందుకే ఊరుకున్నాను.

సూప్ సంగతి. రుచిగానే ఉంది, కాకపోతే ఉప్పు ఎక్కువ, దాని మీద ఆయన రెండు గ్లాసుల నీళ్లు. దీని పర్యవసానం రాత్రికి తెలిసింది. సెంటర్‌లో టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పేస్టు రాసి వైర్లు అంటించాడు. తల మీద, కళ్ల పక్కన, గడ్డం దగ్గర, కాళ్ల మీద వైర్లు, ఛాతీకీ పొట్టకీ చెరో బెల్టు, ముక్కులో గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. ఇవన్నీ ఒక డబ్బాలోకి వెళ్తాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే గట్టిగా పిలవాలి, టెక్నీషియన్ వచ్చి మెషీన్ నుంచి ఊడదీస్తే డబ్బాని మెడలో వేసుకుని వెళ్లి, తిరిగొచ్చాక మళ్లీ తగిలించుకోవాలి. మా ఆయన మూడుసార్లు పిలిచారు. తోడు వచ్చినవాళ్లకి ఇచ్చిన పక్క గదిలో ఉన్న నాకు మూడుసార్లూ వినిపించింది, మూడుసార్లూ ఆ సూప్ గిన్నే కళ్ల ముందు మెదిలింది. తేలికైన భోజనం అంటే నీళ్ల భోజనం కాదని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను: నూనె, కారం తక్కువున్న గట్టి పదార్థం ఏదైనా కొంచెం తినండి, నీళ్లు సాయంత్రం నుంచే తగ్గించుకోండి, పడుకునే ముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రండి. గుండె జబ్బు, షుగర్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం నీళ్ల సంగతీ మందుల సంగతీ డాక్టర్ని అడిగాకే.

రిపోర్టు పది రోజులకి వచ్చింది. టెక్నీషియన్ పొద్దున ఏమీ చెప్పడు, అడిగి ఇబ్బంది పెట్టకండి, రాత్రంతా రికార్డయినదాన్ని ముప్పై సెకన్ల ముక్కలుగా చూసి లెక్క కట్టాలి, ఆపైన డాక్టరు చూడాలి. కనీసం పది సెకన్ల పాటు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకి ఎన్నిసార్లు జరిగిందో చెప్పే అంకె ఒకటుంటుంది. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. ఈయనకి 34. ఇప్పుడు సీప్యాప్ అని, మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషీన్ ఉంటుంది, దాన్ని ఈయనకి తగ్గట్టు సెట్ చేయించుకోవడానికి ఇంకో రాత్రి అక్కడే పడుకోవాలి, అంటే ఈ రెస్టారెంట్‌కి మేం మళ్లీ వెళ్తాం, ఈసారి సూప్ లేకుండా.

ఒకటి మర్చిపోయాను. ఆరింటికి లేపి పంపించేస్తే, పొద్దున కూడా అక్కడికే వెళ్లాం. మా ఆయన జుట్టంతా తెల్లటి పేస్టు అట్టలు కట్టింది, నుదుటి మీద ప్లాస్టర్ మచ్చలు, చంకలో దిండు. అదే కుర్రాడు, షిఫ్ట్ దిగలేదేమో. దిండు కోసం వాడే ఒక కుర్చీ జరిపి, మెనూ కార్డు చేతికివ్వకుండానే వెళ్లి రెండు కాఫీలు తెచ్చాడు. నేను నాది చల్లార్చుకునేలోగా మా ఆయన తనది ఖాళీ చేసి ఇంకోదాని కోసం చెయ్యెత్తారు.