వర్చువల్‌బాక్సా, వీఎంవేరా, కేవీఎమ్మా: ఏది మేలు?

వర్చువల్ మెషిన్‌కి (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్‌కి) ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేవాళ్లు, లోపల ఏ ఓఎస్ నడపాలో ముందు చెబుతారు. నాకు మాత్రం కింద ఉన్న సిస్టమ్ ఏదో తెలియాలి. విండోసా, లినక్సా అన్నది తేలితే సగం జవాబు దొరికినట్టే.

లినక్స్ అయితే నా ఓటు కేవీఎంకే. 2007లో, 2.6.20 వెర్షన్ నాటి నుంచి అది లినక్స్ కెర్నల్‌లోనే (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) ఉంది. వర్చువల్‌బాక్స్‌కి విడిగా మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే ముక్క) కావాలి. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక ఆ మాడ్యూల్ మళ్లీ బిల్డ్ కాలేదంటే, అర్జెంటుగా పని ఉన్న రోజే ఒక్క వీఎం కూడా లేవదు. కేవీఎంతో ఆ టెన్షన్ లేదు. పైన వర్ట్-మేనేజర్ అనే గ్రాఫికల్ టూల్ వేసుకుంటే కమాండ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పనీ ఉండదు.

అయితే విండోస్‌ని గెస్ట్‌గా (వీఎం లోపల నడిచే ఓఎస్‌గా) పెట్టేటప్పుడు కేవీఎం ఒకసారి ఏడిపిస్తుంది. వేగం కోసం డిస్క్‌ని వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన డిస్క్, నెట్‌వర్క్ పద్ధతి) మీద పెడతాం. తీరా ఇన్‌స్టాలర్ డిస్క్ ఎంచుకోమనే స్క్రీన్‌కి వస్తే అక్కడ జాబితా ఖాళీ! మొదటిసారి నేను డిస్క్ ఫైలే పాడైందనుకుని, తీసేసి రెండుసార్లు కొత్తది చేశాను. డిస్క్‌కి ఏమీ కాలేదు, విండోస్ దగ్గర ఆ డ్రైవర్ లేదంతే. వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓని (సీడీ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) రెండో సీడీగా తగిలించి, 'లోడ్ డ్రైవర్' నొక్కి, అందులో వయోస్టార్ ఫోల్డర్ చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది. నెట్‌వర్క్ డ్రైవర్‌దీ ఇదే కథ, అదీ ఆ ఐఎస్ఓలోనే ఉంటుంది.

విండోస్ మీద పోటీ మిగతా రెండింటికే. ఒకప్పుడు వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో డబ్బు పెట్టి కొనాల్సిందే కాబట్టి అందరూ వర్చువల్‌బాక్స్ వైపే వెళ్లేవాళ్లు. 2024 మే నెలలో వర్క్‌స్టేషన్ ప్రోని సొంత వాడకానికి, నవంబర్‌లో అందరికీ ఉచితం చేశారు. డౌన్‌లోడ్ కోసం వీఎంవేర్‌ని కొన్న బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తెరవడమే కాస్త విసుగు. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ మాత్రం నా అనుభవంలో వీఎంవేర్‌లోనే సాఫీగా నడుస్తాయి. ఇవాళ విండోస్ మీద కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్నే చెబుతాను.

వర్చువల్‌బాక్స్ ఇప్పటికే వాడుతున్నవాళ్లు గెస్ట్ విండో కింది వరసలో చిన్న తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉందంటే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యాన్ని హైపర్-వి (విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వీఎం వ్యవస్థ) ముందే పట్టుకుని కూర్చుంది, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడుస్తోందని అర్థం. నెమ్మదిగా నడుస్తోందని చెప్పడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి నేను చూడలేదు. ఆఫీసులో వాడేవాళ్లకి ఇంకో మాట: అసలు ప్యాకేజీ ఉచితమే కానీ, అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్స్ వేరు. సొంతానికి వాడినట్టు కంపెనీలో వాడకూడదు.

టెర్మినల్‌లో నాలుగు లినక్స్ కమాండ్లు నడిస్తే చాలనుకుంటే ఈ రెండూ అక్కర్లేదు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 సరిపోతుంది. అదీ లోలోపల చిన్న వీఎమ్మే.

8 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్ మీద మాత్రం ఏది పెట్టినా ఇరుకే. విండోస్ 11 గెస్ట్‌కి కనీసం 4 జీబీ ఇవ్వాలి, మిగిలిన దాంట్లో హోస్ట్ (కింద ఉన్న అసలు సిస్టమ్), బ్రౌజర్ సర్దుకోవాలి. సాఫ్ట్‌వేర్ మార్చి చూసే ముందు ర్యామ్ పెంచుకోండి. అది కుదరకపోతే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌ని గెస్ట్‌గా పెట్టుకోండి.