ఆస్పత్రి ఫార్మసీ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు ఇవి చూడండి

డెమో చూసి ఓకే అనేయకండి. అమ్మే వెండర్ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి వాళ్లు ఎక్కించుకున్న మందులే, అక్కడ ఏ లెక్కా తప్పదు. మీ పర్చేజ్ బిల్లులు ఓ పది ఇచ్చి, మీ ముందే ఎంట్రీ చేయించండి. ఈమధ్య ఒక వెండర్ ప్యాకేజీలో బయటపడిన తప్పులు అలా చేయిస్తే మొదటి గంటలోనే తెలిసిపోయేవి.

అన్నిటికంటే పెద్దది లూజు లెక్క, అంటే స్ట్రిప్ కత్తిరించి విడిగా అమ్మే మాత్రల లెక్క. స్ట్రిప్‌కి ఎన్ని మాత్రలో ఆ సాఫ్ట్‌వేర్ బ్యాచ్ దగ్గర రాసుకోదు, ఐటమ్ మాస్టర్‌లో (ఒక్కో మందుకు ఒకే ఎంట్రీ ఉండే పట్టికలో) పెట్టుకుంటుంది. కంపెనీ 10 మాత్రల స్ట్రిప్‌ను 15 చేసింది. కొత్త సరుకు కోసం మాస్టర్‌లో 15 అని దిద్దగానే, ర్యాకులో ఉన్న పాత 40 స్ట్రిప్పుల 400 మాత్రలు స్క్రీన్ మీద 600 అయిపోయాయి. 150 రూపాయల పాత స్ట్రిప్‌లో మాత్ర 15కి బిల్లవ్వాల్సింది 10కే అయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు స్టాకు చూసినా లెక్క కుదరదు.

వార్డు రిటర్న్‌లు ఇంకా ప్రమాదం. డిశ్చార్జి రోజున మిగిలిన మందు వెళ్లిన బ్యాచ్‌లోకే తిరిగి చేరాలి. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం చివరగా కొన్న బ్యాచ్‌లో కలిపేస్తుంది. రెండు నెలల్లో గడువు ముగిసే ఇంజెక్షన్ ఎక్స్‌పైరీ లిస్టులోకి రాదు, నేరుగా రోగి మంచం దగ్గరికి పోతుంది. డెమోలో రెండు బ్యాచ్‌లు ఎక్కించి, పాతది ఇచ్చి, వెనక్కి తీసుకుని చూడండి.

జీఎస్‌టీ కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు తేదీ బిల్లులోని మందు వెనక్కి వచ్చినట్టు ఎంట్రీ వేయిస్తే 12 శాతమే పడాలి.

డేటాబేస్ (బిల్లులు, స్టాకు వివరాలన్నీ దాచే ప్రోగ్రామ్) ఏదో తప్పకుండా అడగండి. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితమే కానీ 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటనివ్వదు. స్కాన్ చేసిన డాక్టర్ చీటీలు కూడా అందులోనే దాస్తే తొందరగా నిండుతుంది, నిండిన రోజు కొత్త బిల్లు సేవ్ కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి. షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ (కొన్ని యాంటీబయాటిక్‌లు, అలవాటు పడే మందుల అమ్మకాలు రాసే పుస్తకం) మూడేళ్లు ఉంచాలి కాబట్టి, ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) ఆగినా డేటా మొత్తం బ్యాచ్, ఎక్స్‌పైరీలతో సహా ఎక్సెల్‌లో ఇస్తామని ఒప్పందంలో రాయించండి. బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేయించి, నిన్నటి చివరి బిల్లు నంబర్ చూపించమనండి.

డబ్బంతా ముందే ఇవ్వొద్దు. ఒక నెల గడిచి, స్క్రీన్ మీది స్టాకు ర్యాకుతో సరిపోయాకే చివరి వాయిదా ఇవ్వండి.