తొమ్మిదేళ్ల సిల్క్ స్కార్ఫ్, ఆరేళ్ల స్నేక్ ప్లాంట్

హై ఫ్యాషన్‌లో నా దగ్గరున్నది ఒకే ఒక్క వస్తువు, ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీ ఎర్మెస్ వాళ్ల సిల్క్ స్కార్ఫ్. కొని తొమ్మిదేళ్లయింది. దాన్ని కట్టుకునే అద్దం కిందే ఆరేళ్లుగా ఒక స్నేక్ ప్లాంట్, అంటే కత్తుల్లా నిటారుగా నిలిచే ఆకుల కుండీ మొక్క, ఉంది. పొద్దున్నే బయల్దేరే ముందు ఈ రెండిటి దగ్గర గడిచే రెండు నిమిషాలంటే నాకు చాలా ఇష్టం. అందుకే రెండిటి గురించీ కలిపి రాస్తున్నాను.

ముందు స్కార్ఫ్. ఎర్మెస్ వీటిని 1937 నుంచి తయారు చేస్తోంది. నాది వాళ్ల మామూలు సైజే, 90 సెంటీమీటర్ల చదరం. కొత్తలో బట్ట బిరుసుగా ఉండేది. ముడి నిలిచేది కానీ మెడకు ఒదిగేది కాదు. రెండేళ్లు కడుతూ పోతే మెత్తబడింది. ట్విల్, అంటే ఏటవాలు గీతలు కనిపించే నేత కాబట్టి శాటిన్‌లా జారిపోదు, పొద్దున వేసిన ముడి సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ (అచ్చు తెర) పెట్టి అచ్చు వేస్తారు. ఒక మూలను కిటికీ దగ్గర పట్టుకుని నాదాంట్లో రంగులు లెక్కపెట్టబోయి పద్నాలుగు దగ్గర ఆగిపోయాను.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం అంచు. బట్టను వేళ్లతో సన్నగా చుట్టి, చేత్తోనే కుడతారు. సన్నని తాడులా ఉబ్బుగా ఉంటుంది. కట్టుకున్నాక తెలియకుండానే వేళ్లు దాని మీదికి పోతాయి. ఒకసారి డ్రై క్లీనింగ్‌కి ఇస్తూ అంచు మీద ఇస్త్రీ పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. తీరా తెచ్చుకుని చూస్తే రెండు వైపులా అంచు అణిగిపోయి చదునైపోయింది. ఆ రోజు నిజంగా బాధపడ్డాను. ఆవిరి పట్టి, తడి ఆరకముందే వేళ్లతో చుట్టుకుంటూ వస్తే సగం వరకు కోలుకుంది. అప్పటి నుంచి ఇస్త్రీ నేనే చేస్తాను: తక్కువ వేడి, పైన పల్చటి గుడ్డ, అంచుకు వేలెడు దూరంలో ఆపేయడం. సెంటు ముందే కొట్టుకుని, ఆరాకే స్కార్ఫ్ కడతాను.

మొక్క విషయంలో తప్పు పూర్తిగా నాదే. మొదటి ఏడాది వారం వారం నీళ్లు పోశాను. ఆకుల మొదళ్లు మెత్తబడి, కుండీలోంచి కుళ్లు వాసన వచ్చేదాకా గమనించలేదు. దాని ఆకుల్లోనూ మట్టి కింద దుంపలోనూ నీళ్లు నిల్వ ఉంటాయి. ఆకుల మీది రంధ్రాలు ఎక్కువగా రాత్రిపూటే తెరుచుకుంటాయి కాబట్టి పగటి వేడికి తడి పెద్దగా పోదు. అలాంటి మొక్కకు వారానికోసారి నీళ్లంటే మరీ ఎక్కువ. ఇప్పుడు మట్టి అడుగుదాకా ఆరాకే పోస్తాను, సుమారు మూడు వారాలకోసారి.

కుళ్లిన మొక్కలోంచి బాగున్న ఒక ఆకును కోసి మట్టిలో గుచ్చాను. నెలల తర్వాత పిలక వచ్చింది కానీ పాత మొక్క ఆకులకున్న పసుపు అంచు దీనికి లేదు, మొత్తం పచ్చగా ఉంది. ఆ అంచు కణాలూ మధ్యలోని పచ్చ కణాలూ వేరు. ఆకు ముక్క నుంచి పుట్టే పిలకలో రెండూ కలిసి రావు. పసుపు అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీసి నాటాలి. మిగిలిన మంచి దుంపతో అదే చేశాను. ఇప్పుడు అద్దం కింద ఉన్నది అదే.

గాలిని శుభ్రం చేస్తుందని దీన్ని కొనకండి. ఆ మాటకు ఆధారంగా చెప్పే 1989 నాటి నాసా ప్రయోగాలు మూసి ఉంచిన గదుల్లాంటి పెట్టెల్లో జరిగాయి. మామూలు ఇంట్లో కిటికీ తీస్తే జరిగేదాని ముందు ఒకటి రెండు మొక్కలు చేసేది లెక్కలోకి రాదు. పిల్లి, కుక్క ఉంటే అందకుండా పెట్టండి, ఆకులు నమిలితే వాంతులవుతాయి.

చీకటి మూలలో బతుకుతుంది గానీ ఎదగదు. అందుకే అద్దాన్నీ కుండీనీ కిటికీ పక్కకు జరిపాను, ఆ ఏడాది నాలుగు కొత్త ఆకులు వచ్చాయి. కానీ ఎండ తగిలితే సిల్క్ రంగు వెలుస్తుంది. దాంతో అద్దం పక్క కొక్కేనికి వేలాడే స్కార్ఫ్‌ను సొరుగులోకి మార్చాను. మడత గీతలు పడకుండా చుట్టి పెడతాను. మళ్లీ కొనాల్సి వస్తే రెండూ కొంటాను. స్కార్ఫ్ మాత్రం, అంచు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఒకరు వాడిందైనా తీసుకుంటాను.

పోయిన ఏడాది మొక్క పూసింది. సన్నని తెల్లటి పూలు, రాత్రయ్యాక గదంతా సువాసన. పొద్దున చూస్తే కాడ పొడుగునా జిగట బొట్లు, రెండు మూడు జారి ఆ ఖాళీ కొక్కెం మీద పడి ఉన్నాయి.