మెయింటెనెన్స్ పనితీరుకు కొలత: ఓఈఈ, ఎంటీబీఎఫ్, పీఎం కంప్లయన్స్‌లో ఏది మేలు?

మెయింటెనెన్స్ విభాగానికి కేపీఐలు (పనితీరును కొలిచే ముఖ్య సూచికలు) పెట్టాలని అనుకోగానే మొదట వినిపించే పేరు ఓఈఈ, అంటే ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్. పై వాళ్లకు ఒకే అంకె కావాలి, అది ఒకే అంకె ఇస్తుంది. ప్లాంటు మొత్తానికి దాన్ని వాడుకుంటే మంచిదే. కానీ మెయింటెనెన్స్ వాళ్ల పనికి మార్కులు వేయడానికి ఓఈఈని వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

జపాన్‌లో టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్, అంటే ఆపరేటర్లతో సహా అందరూ యంత్రాల బాగోగులు చూసుకునే) పద్ధతితో పాటు సెయిచి నకజిమా ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. యంత్రం ఎంతసేపు నడిచింది, ఎంత వేగంతో నడిచింది, బయటికి వచ్చిన సరుకులో ఎంత బాగుంది అన్న మూడు శాతాలను గుణిస్తారు. అందరూ చెప్పుకునే 85 శాతం లక్ష్యం కూడా అలా వచ్చిందే: 90, 95, 99.9. గుణకారం కాబట్టి మూడూ తొంభై చొప్పున ఉన్నా ఫలితం 73కి పడిపోతుంది. ఎవరికీ పట్టని చిన్న చిన్న ఆగుళ్లను, తగ్గించిన వేగాన్ని బయటపెట్టడంలో దీన్ని మించినది లేదు. చిక్కంతా ఆ గుణకారంలోనే ఉంది. డై మార్చడానికి పట్టిన గంట, ఆపరేటర్ తగ్గించిన వేగం, ముడిసరుకు బాగాలేక పాడైన సరుకు, బేరింగ్ పట్టేసి ఆగిన రెండు గంటలు అన్నీ అందులో కలిసిపోతాయి. ఓఈఈ 68కి పడిందని మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిని నిలదీస్తే ఆయన ఏం సమాధానం చెప్పాలి? అందులో ఆయన చేతిలో ఉన్నది ఒక ముక్కే.

ఎంటీబీఎఫ్ (మీన్ టైమ్ బిట్వీన్ ఫెయిల్యూర్స్), ఎంటీటీఆర్ (మీన్ టైమ్ టు రిపేర్) జంట ఇంతకంటే సూటిగా మాట్లాడుతుంది. మొదటిది రెండు బ్రేక్‌డౌన్ల మధ్య యంత్రం సగటున ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది, రెండోది ఆగిన యంత్రం మళ్లీ నడవడానికి సగటున ఎంతసేపు పట్టిందో చెబుతుంది. నెలకు 600 గంటలు నడవాల్సిన రెండు యంత్రాలు ఉన్నాయనుకుందాం. ఒకటి 30 సార్లు, ఆగిన ప్రతిసారీ 20 నిమిషాలు ఆగింది. ఇంకోటి ఒక్కసారే ఆగింది, కానీ ఏకంగా 10 గంటలు. రెండూ నడిచింది 590 గంటలే, అంటే అందుబాటు రెండింటికీ 98.3 శాతం. ఆ శాతం ఒక్కటే చూస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి. ఎంటీబీఎఫ్ చూస్తే మొదటిదానికి 20 గంటలకు కాస్త తక్కువ, రెండోదానికి 590. మొదటి యంత్రంలో ఏదో ఒక లోపం పదే పదే తిరగబెడుతోంది, దాని మూలం పట్టుకోవాలి. రెండోదానికి స్పేర్ దగ్గర పెట్టుకోవాలా, వైబ్రేషన్ చెకింగ్‌తో ముందే పసిగట్టవచ్చా అన్నవి ప్రశ్నలు. కొలత చూడగానే చేయాల్సిన పని తోచాలి, ఈ జంటలో నాకు నచ్చేది అదే.

అయితే ఎంటీటీఆర్‌ను ఉన్నదున్నట్టుగా నమ్మకూడదు, లోపలికి వెళ్లి విడగొట్టాలి. కన్వేయర్ నాలుగు గంటలు ఆగిందంటే ఫిట్టర్ నాలుగు గంటలు పనిచేశాడని అర్థం కాదు. కబురు అందడానికి పావుగంట, లోపం కనిపెట్టడానికి అరగంట, స్టోర్స్ నుంచి స్పేర్ రావడానికి రెండున్నర గంటలు, అసలు బిగింపు 40 నిమిషాలు, ట్రయల్ ఐదు నిమిషాలు. ఇలా విడదీస్తే లోపం స్టోర్స్‌లో ఉందని తెలుస్తుంది, విడదీయకపోతే నింద ఫిట్టర్ మీద పడుతుంది. వర్క్ ఆర్డర్‌లో ఈ సమయాలు విడివిడిగా రాసే చోటు లేని ప్లాంట్లలో ముందు ఆ ఫారం మార్చాలి. కేపీఐ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఎంటీబీఎఫ్‌ను కొందరు యంత్రం ఆయుష్షు అనుకుంటారు. పంపు ఎంటీబీఎఫ్ 2,000 గంటలంటే 2,000 గంటల దాకా ధీమాగా ఉండొచ్చని కాదు. బ్రేక్‌డౌన్లు ఏ క్రమమూ లేకుండా వచ్చే పక్షంలో ఆగకుండా అన్ని గంటలు దాటే అవకాశం 37 శాతమే. పైగా ఏడాదికి ఒకటో రెండో బ్రేక్‌డౌన్లు వచ్చే యంత్రానికి నెలనెలా ఎంటీబీఎఫ్ లెక్కగట్టి లాభం లేదు. అలాంటి వాటిని ఒకే రకం యంత్రాల గుంపుగా కలిపి చూడాలి.

ఇక పీఎం కంప్లయన్స్: షెడ్యూల్ వేసిన పీఎంలలో (ప్రివెంటివ్ మెయింటెనెన్స్, అంటే చెడిపోకముందే చేసే పనులు) ఎన్ని సకాలంలో చేశారన్న శాతం. ముందు చెప్పిన రెండూ జరిగిపోయినదాన్ని చెబుతాయి, ఇది జరగబోయేదానికి కాస్త సూచన ఇస్తుంది. సకాలం అంటే ఏమిటో తేల్చడానికి చాలాచోట్ల పది శాతం నియమం వాడతారు. అంటే 30 రోజుల పీఎంను గడువుకు మూడు రోజులు అటూ ఇటూగా చేస్తేనే లెక్క. నియమం మంచిదే. కానీ మూడింటిలోకీ సులభంగా కల్తీ అయ్యేది ఈ అంకే. షిఫ్ట్ చివర చెక్‌లిస్టు అంతా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో టిక్కులు పెట్టి ఉందంటే ఆ 98 శాతానికి విలువ లేదు.

నిజాయితీగా చేసినా ఇంకో చిక్కుంది. 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు విమాన భాగాల వైఫల్యాలపై ఇచ్చిన నివేదికలో, వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగే తీరు కనిపించినవి 11 శాతమే. 68 శాతం భాగాలు బిగించిన కొత్తలోనే ఎక్కువగా చెడిపోయే రకం. విమానం లెక్కలు ప్రతి ఫ్యాక్టరీకీ యథాతథంగా సరిపోవు. అయినా బాగా నడుస్తున్న గేర్‌బాక్స్‌ను తేదీ వచ్చిందని విప్పడమే కొత్త లోపానికి కారణం కావచ్చన్నది ఎక్కడైనా నిజమే. కాబట్టి కంప్లయన్స్ 100 ఉండి బ్రేక్‌డౌన్లు తగ్గకపోతే మనుషుల మీద కేకలు వేయకుండా పీఎం జాబితాలో ఏముందో తిరగరాయాలి.

ఖర్చును ఒంటరిగా కేపీఐగా పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం. గ్రీజు, స్పేర్లు ఆపేస్తే కొన్ని నెలలు అంకె చక్కగా కనిపిస్తుంది, ఆ మంచి పేరు పొందినవాళ్లు బదిలీ అయ్యాక యంత్రాలు పడిపోతాయి. బ్యాక్‌లాగ్ మాత్రం నాకు ఇష్టమైన చిన్న కొలత: పెండింగ్ పనికి పట్టే గంటలను వారానికి చేతిలో ఉన్న గంటలతో భాగించడమే. 480 గంటల పని, వారానికి 160 గంటల మనుషులు ఉంటే మూడు వారాలు. ఇది పెరుగుతూ పోతే మనుషులు చాలడం లేదని కాగితం మీదే చూపించవచ్చు.

మెయింటెనెన్స్ విభాగానికి మొదటి కొలతగా నా ఓటు ఎంటీబీఎఫ్, ఎంటీటీఆర్ జంటకే, అదీ ఆగితే లైను మొత్తం ఆగిపోయే యంత్రాలకు మాత్రమే. పక్కన పీఎం కంప్లయన్స్, బ్యాక్‌లాగ్ ఉంటే చాలు. ఓఈఈని ప్రొడక్షన్, క్వాలిటీ, మెయింటెనెన్స్ ముగ్గురూ కలిసి కూర్చునే సమీక్షకు వదిలేయాలి. లాగ్ బుక్‌లో ఆగిన సమయం కూడా సరిగా రాయని చోట ఇవేవీ మొదటి రోజు నుంచే రావు. అక్కడ బ్రేక్‌డౌన్ అంటే ఏది, ఎన్ని నిమిషాలు దాటితే లెక్కలోకి వస్తుంది అన్నది ప్రొడక్షన్ వాళ్లతో కూర్చుని ఒక పేజీలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు మూడు నెలలు అంకెలు పోగుచేశాకే లక్ష్యం నిర్ణయించాలి.