మా 1926 నాటి చెక్క ఇంటికి ఇన్సులేషన్: ఐదు చలికాలాల తర్వాత

మిషిగన్‌లో మేం కొన్న చెక్క ఇల్లు 1926లో కట్టింది. గోడల్లో ఇన్సులేషన్, అంటే ఇంట్లో వేడి బయటికి పోకుండా ఆపే పొర, అన్నదే లేదు. కాంట్రాక్టర్ చెప్పిన రేటు మా వల్ల కాక, 2020లో నేనూ మా ఆవిడా శని, ఆదివారాల్లో సొంతంగా మొదలుపెట్టాం.

గోడల జోలికి పోకముందు చలిగాలి ఎక్కణ్ణుంచి దూరుతోందో పట్టుకోండి. ఈదురుగాలి రోజున అగరుబత్తి వెలిగించి ఇల్లంతా తిరిగాను. కిటికీల దగ్గర పొగ కాస్త ఊగింది, అంతే. బేస్‌మెంట్‌లో, పునాది మీద చెక్క కూర్చునే చోట మాత్రం పొగ ఒక్కసారిగా అడ్డంగా విసిరికొట్టింది. ఆ కాలపు బెలూన్ ఫ్రేమ్ ఇళ్ళలో గోడ లోపలి ఖాళీ కింది నుంచి అటక దాకా పొగగొట్టంలా ఉంటుంది. వెచ్చని గాలి పైకి పోతుంటే కింద చల్లగాలి లోపలికి వస్తుంది. నిప్పంటుకున్నా ఆ దారినే ఎక్కుతుంది. కింద రెండంగుళాల ఫోమ్ బోర్డు ముక్కలు బిగించి అంచులకు స్ప్రే ఫోమ్ కొట్టాం. పైన ఆ ఖాళీల నోళ్ళను ప్లైవుడ్‌తో మూశాం. పెట్టిన ప్రతి డాలరుకీ ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే.

అటకలో పాత న్యూస్‌పేపర్ తుక్కుతో చేసే సెల్యులోజ్ పోశాం. బస్తాలు కొన్నందుకు ఊదే మెషీన్ ఆ రోజుకు ఉచితంగా ఇచ్చారు. 14 అంగుళాలు పోస్తే కుంగి ఇప్పుడు 12 ఉంది, కాబట్టి ముందే ఎక్కువ పోయండి. పింగాణీ గుబ్బల మీద లాగిన పాత వైరింగ్ ఉంటే దాన్ని కప్పకూడదు, వేడెక్కుతుంది. ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే పోశాం. ఈ ఖర్చు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు.

నా తప్పు ఉత్తరం వైపు పడగ్గదిలో జరిగింది. చవకని పల్చటి ఫాయిల్ షీటు గోడకి అంటించాను. రెండో చలికాలం బీరువా జరిపితే వెనక అరచేతి వెడల్పున నల్లటి బూజు. పాప పడుకునే గది అది, ఆ రాత్రి నిద్రపట్టలేదు. గదిలోని తేమ సందుల్లోంచి పోయి చల్లని గోడ మీద నీరవుతోంది. మళ్ళీ మొదటినుంచి చేశాం: విషమైన సీసం కలిసిన పాత రంగు ఉందేమోనని టెస్ట్ చేసి, ప్లాస్టర్ ఊడదీసి, మినరల్ వూల్ (రాతి పీచు) కూర్చి, గది వైపు ప్లాస్టిక్ షీటు సందు లేకుండా టేపేసి, జిప్సం బోర్డు కొట్టాం. కుక్కర్ పెట్టినప్పుడల్లా ఆవిరిని బయటికి పంపే ఫ్యాన్ వేస్తున్నాం. మూడు చలికాలాలుగా గోడ పొడిగా ఉంది. అయినా ప్రతి ఫిబ్రవరిలో టార్చి వేసి చూస్తాను.

గ్యాస్ వాడకం మూడో వంతు తగ్గింది. మెట్ల పక్క గోడ ఇంకా చేయలేదు, అక్కడ చెయ్యి పెడితే ఇప్పటికీ జిల్లుమంటుంది.